ఫ్లాటు కోసం తలారి అయిన మనిషి: బెర్లాంగా ‘ఎల్ వెర్దూగో’

ఒక పెద్ద ఖాళీ హాలు. తెల్లటి గోడలు, తెల్లటి నేల, ఎక్కడా సామాను లేదు. దూరాన ఒక చిన్న తలుపు మాత్రం చీకటిగా కనిపిస్తుంది. కెమెరా పైనుంచి చూస్తోంది కాబట్టి మనుషులు బొమ్మల్లా ఉంటారు. ముందు ఒక గుంపు నడుస్తుంది: మరణశిక్ష పడిన ఖైదీ, పక్కన పాదిరి, గార్డులు. వెనక ఇంకో గుంపు వస్తుంది: శిక్ష అమలు చేయాల్సిన తలారి, అతన్ని రెక్కలు పట్టుకుని లాక్కెళ్తున్న గార్డులు. చావబోయేవాడు తన కాళ్ల మీద తాను నడుస్తున్నాడు. చంపాల్సినవాడికి కాళ్లు చచ్చుబడిపోయాయి. సగం దారిలో తలారి టోపీ కింద పడుతుంది. రెండు గుంపులూ తలుపు దాటి లోపలికి వెళ్లిపోయాక ఒక గార్డు వెనక్కి వచ్చి ఆ టోపీ తీసుకుని వెళ్తాడు.

1963లో వచ్చిన స్పానిష్ సినిమా ‘ఎల్ వెర్దూగో’ (అంటే తలారి) మొత్తం ఈ ఒక్క షాట్ కోసమే పుట్టింది. దర్శకుడు లూయిస్ గార్సియా బెర్లాంగాకు ఒక లాయరు మిత్రుడు నిజంగా జరిగిన సంగతి చెప్పాడు. 1959 మే నెలలో వాలెన్సియాలో పిలార్ ప్రాదెస్ అనే పనిమనిషికి మరణశిక్ష అమలు చేశారు. పనిచేసే ఇంటి యజమానురాలికి విషం పెట్టిందని ఆమె మీద నేరం రుజువైంది. స్పెయిన్‌లో గర్రోతెతో, అంటే మెడకు ఇనుప పట్టీ బిగించి చంపే పద్ధతిలో, శిక్ష అమలైన చివరి మహిళ ఆమే. ఆ రోజు వచ్చిన తలారికి తాను చంపాల్సింది ఒక ఆడమనిషిని అని తెలియగానే గుండె జారిపోయింది. చెయ్యనన్నాడు. అతనికి ధైర్యం చెప్పి, మత్తుకు ఏదో ఇచ్చి, చివరికి ఖైదీని తీసుకెళ్లినట్టే తలారినీ పట్టుకుని తీసుకెళ్లారట. ఈ మాట విన్న బెర్లాంగా మనసులో తెల్లటి హాలు, రెండు గుంపులు నిలిచిపోయాయి. కథంతా ఆ తర్వాత వెనక్కి అల్లుకున్నదే.

అంటే చివరి దృశ్యం ముందే ఖాయం. రాయాల్సింది ఒకే ప్రశ్నకు జవాబు: ఈగకు కూడా హాని చెయ్యని మామూలు మనిషి ఆ హాల్లోకి ఎలా వచ్చి పడ్డాడు? బెర్లాంగా, రచయిత రఫాయెల్ అస్కోనా ఇచ్చిన జవాబే ఈ సినిమాను గొప్ప బ్లాక్ కామెడీ చేసింది. అతన్ని ఎవరూ బెదిరించలేదు, మోసం చేయలేదు, అతనికి డబ్బు పిచ్చి కూడా లేదు. అడిగిన ప్రతిసారీ కాదనలేకపోయాడు, అంతే. ఒక్కో ‘సరే’ విడిగా చూస్తే న్యాయంగానే ఉంటుంది. అన్నీ కలిపితే పీకల మీదికి వస్తుంది.

కథ ఇది. హోసే లూయిస్ మాడ్రిడ్‌లో శవాలను తరలించే సంస్థలో పనిచేస్తాడు. ఒక ఉదయం జైల్లో శిక్ష పూర్తయిన ఖైదీ శవాన్ని తీసుకెళ్లడానికి తోటి పనివాడితో కలిసి వెళ్తాడు. అక్కడ అమదేయో అనే ముసలి తలారి తారసపడతాడు. పొట్టి మనిషి, బొంగురు గొంతు, చేతిలో నల్ల సంచి. వ్యాన్‌లో ఎక్కించుకోమంటాడు. మొహమాటానికి ఎక్కించుకుంటారు. దిగేటప్పుడు సంచి వ్యాన్‌లోనే మర్చిపోతాడు. అందులో ఉన్నది అతని పనిముట్లు. దాన్ని తిరిగి ఇవ్వడానికి హోసే లూయిస్ ఆ ఇంటికి వెళ్తాడు. సగం భూమిలోకి దిగినట్టున్న ఇరుకు ఇల్లు. అక్కడ అమదేయో కూతురు కార్మెన్ కనిపిస్తుంది. తండ్రి చేసే పని తెలిసిన వెంటనే ఆమెను చూడవచ్చిన మగవాళ్లు పారిపోతారు. శవాలు మోసేవాడని తెలిసిన వెంటనే హోసే లూయిస్ దగ్గర నుంచి ఆడవాళ్లు పారిపోతారు. ఇద్దరి బాధా ఒకటే కాబట్టి జత కుదురుతుంది. చావు దగ్గర పనిచేసే ఇద్దరు ఒకరినొకరు చూసి జడుసుకోకపోవడమే ఇక్కడ ప్రేమకు పునాది. బెర్లాంగా దీన్ని వెక్కిరించడు. ఆ జంట మీద అతనికి నిజమైన ఆపేక్ష ఉంది. వాళ్లు నవ్వు పుట్టిస్తారు గానీ ఎప్పుడూ చులకన కారు.

హోసే లూయిస్‌కు ఒక కల ఉంది. జర్మనీ వెళ్లి మెకానిక్ పని నేర్చుకోవాలని. అప్పటి స్పెయిన్‌లో ఇది గాల్లో మేడ కాదు. 1960లో పశ్చిమ జర్మనీతో ఒప్పందం కుదిరాక లక్షల మంది స్పానిష్ కూలీలు, యువకులు అటు వెళ్లారు. ఈ లోగా కార్మెన్ కడుపుతో ఉందని చెప్తుంది. ఆమె ఆ మాట చెప్పేది ఎయిర్‌పోర్టులో, అతను విమానంలో వచ్చిన శవపేటిక పని మీద ఉండగా. పుట్టబోయే బిడ్డ కబురు, పెట్టెలో వచ్చిన శవం ఒకే ఫ్రేములో ఉంటాయి. ఈ సినిమా పద్ధతే అంత. చావు కోసం ప్రత్యేకంగా సంగీతం మోగదు, వెలుగు మారదు. చావు పక్కనే కబుర్లు, పెళ్లి మాటలు, తిండి నడుస్తుంటాయి.

పెళ్లి దృశ్యం దగ్గర కాసేపు ఆగాలి. వీళ్లకంటే ముందు అదే చర్చిలో ఒక డబ్బున్నవాళ్ల పెళ్లి జరిగింది. పూలు, తివాచీలు, కొవ్వొత్తులు అన్నీ వాళ్లవే. వాళ్లు వెళ్లగానే వీళ్ల వంతు. పాదిరి మంత్రాలు చదువుతుంటే ఒక పక్క చర్చి పనివాళ్లు పూలు తీసేస్తుంటారు, తివాచీ చుట్టేస్తుంటారు, కొవ్వొత్తులు ఒక్కొక్కటీ ఆర్పేస్తుంటారు. పెళ్లి పూర్తయ్యేసరికి చీకటి పడినట్టు అవుతుంది. ఎవరూ వీళ్లను ఒక్క మాట అనలేదు. అవమానించాలని ఎవరికీ లేదు కూడా. కొవ్వొత్తులకు డబ్బు కట్టింది వేరేవాళ్లు, అంతే. నియంత ఫ్రాంకో నాటి స్పెయిన్‌లో చర్చి ఎవరి పక్షం అన్నది ఒక్క డైలాగు లేకుండా తెలిసిపోతుంది. సెన్సారు బోర్డు పట్టుకోవడానికి మాటంటూ ఏదీ దొరకని చోట చెప్పాల్సింది చెప్పేయడం బెర్లాంగా, అస్కోనాల విద్య.

ఇక అసలు ముడి ఇల్లు. అమదేయో ప్రభుత్వ ఉద్యోగి. ఏళ్ల తరబడి అప్లికేషన్ పెట్టుకుంటే ఇన్నాళ్లకు కొత్త బిల్డింగులో ఫ్లాటు మంజూరైంది. కానీ త్వరలో రిటైర్ అవుతాడు. రిటైర్ అయితే ఉద్యోగి కోటాలో వచ్చిన ఫ్లాటు పోతుంది. దారి ఒక్కటే: అల్లుడు అదే ఉద్యోగంలో చేరడం. 1950ల చివరికి పల్లెల నుంచి జనం వచ్చి పడి మాడ్రిడ్‌లో ఇళ్ల కరువు ఎంత తీవ్రంగా ఉండేదో తెలిస్తే ఈ బేరం బరువు అర్థమవుతుంది. 1957లో ఫ్రాంకో ప్రభుత్వం ఇళ్ల కోసమే ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టాల్సి వచ్చింది. అస్కోనా ఇళ్ల కరువు మీద అంతకుముందే రాశాడు. 1958లో మార్కో ఫెర్రేరి తీసిన ‘ఎల్ పిసీతో’ స్క్రిప్టు అతనిదే. అద్దె ఇల్లు దక్కించుకోవడం కోసం ఒక యువకుడు ముసలావిడను పెళ్లి చేసుకునే కథ అది. ఇల్లు లేని మనిషి చేత ఏదైనా చేయించవచ్చని అస్కోనాకు బాగా తెలుసు.

ఫ్లాటు చూడటానికి కుటుంబం వెళ్లే దృశ్యంలో ఇంకా బిల్డింగు పూర్తి కాలేదు. ఇక్కడ వంటగది, ఇక్కడ పిల్లాడి మంచం అని లేని గదులు ఊహించుకుంటూ మురిసిపోతారు. అంతలో ఆ ఫ్లాటు మాదంటూ వేరే కుటుంబం తగులుకుంటుంది. గొడవ. ఆ గొడవలో హోసే లూయిస్ కూడా గట్టిగా అరుస్తాడు. ఈ ఇల్లు వస్తే తాను తలారి కావాలన్న సంగతి అప్పుడు అతనికి గుర్తుండదు. చేతిదాకా వచ్చిన ఇల్లు ఎవరో లాక్కుంటున్నారన్న ఆవేశమే ఉంటుంది. సినిమాలో ఇంతకంటే తెలివైన ఘట్టం లేదనిపిస్తుంది. తనకు ఇష్టం లేనిదాని కోసం తానే కొట్లాడే స్థితికి మనిషి ఎలా వస్తాడో రెండు మూడు నిమిషాల్లో కనిపిస్తుంది.

ఆ తర్వాత సిఫారసు. ఉద్యోగానికి పెద్దమనిషి మాట కావాలి. గర్రోతె మీద పుస్తకం రాసిన ఒక పండితుణ్ణి వెతుక్కుంటూ మామా అల్లుళ్లు పుస్తకాల పండగకు వెళ్తారు. ఆయన అక్కడ సంతకాలు పెడుతూ కూర్చుని ఉంటాడు. పక్క నుంచి ఒక యువ జంట వచ్చి బెర్గ్‌మన్ మీద, అంతోనియోని మీద పుస్తకాలున్నాయా అని అడుగుతారు. చదువుకున్నవాళ్లు యూరప్ కళాత్మక సినిమా గురించి మాట్లాడుకుంటున్న చోటే, రెండడుగుల దూరంలో, ఒక మనిషిని తలారిని చేసే సిఫారసు నడుస్తోంది. ఆ జంటను తప్పు పట్టాల్సిన పనేమీ లేదు. వాళ్లకు ఇది వినపడలేదు. కానీ వినపడకపోవడం ఎంత తేలికో బెర్లాంగా అక్కడ నిలబెట్టి చూపించాడు.

గర్రోతె అంటే ఏమిటో తెలియాలి. కూర్చోబెట్టి వెనక ఒక గుంజకు మనిషిని కట్టేసేవారు. మెడ చుట్టూ ఇనుప పట్టీ. గుంజ వెనక ఉన్న మరను తలారి తిప్పితే పట్టీ బిగుసుకుని మెడ నలిగేది. రాజు ఏడో ఫెర్దినాంద్ 1832లో ఉరి తీయడాన్ని రద్దు చేసి దీన్ని పెట్టాడు. ఉరి కన్నా ఇది మర్యాదైనదని అప్పటి వాదన. అంతకు ముందే చిత్రకారుడు గోయా ఇలా చనిపోయిన మనిషి బొమ్మ ఒకటి చెక్కాడు. 1932లో, ఫ్రాంకోకు ముందున్న రిపబ్లిక్ ప్రభుత్వం మరణశిక్షను సాధారణ చట్టం నుంచి తీసేసింది, రెండేళ్లకే కొన్ని నేరాలకు తిరిగి తెచ్చింది. 1938లో ఫ్రాంకో దాన్ని పూర్తిగా పునరుద్ధరించాడు. ఒక మనిషి చేత్తో మర తిప్పాలి కాబట్టి ప్రతి శిక్షకూ ఒక తలారి కావాల్సి వచ్చేది. అతనికి కోర్టుల పరిధిలో పోస్టు, జీతం, రిటైర్మెంటు ఉండేవి. సినిమా పట్టుకున్నది ఈ కొసనే. చట్టం ఎంత గంభీరంగా రాసుకున్నా చివరికి అది ఒక ఉద్యోగి చేతి మీద ఆధారపడుతుంది. ఆ ఉద్యోగికీ ఇల్లు కావాలి.

అమదేయో పాత్ర వేసిన హోసే ఇస్బెర్త్‌ను ఎంత పొగిడినా తక్కువే. అప్పటికి డెబ్బై దాటిన నటుడు. అతని గరగరలాడే గొంతు స్పెయిన్‌లో పిల్లలకు కూడా తెలుసు. 1953లో బెర్లాంగా తీసిన ‘వెల్‌కమ్ మిస్టర్ మార్షల్’లో చెవుడున్న ఊరి పెద్దగా నటించి అందరికీ ముద్దొచ్చినవాడు. అదే తాతయ్య ముఖం పెట్టుకుని ఇక్కడ గర్రోతెను సమర్థిస్తాడు. గర్రోతె అమానుషమనేవాళ్లను చూస్తే నవ్వొస్తుందంటాడు. గిలటిన్ మేలా, మనిషిని ముక్కలు చేసి పూడ్చిపెడతారా అంటాడు. అమెరికావాళ్ల కరెంటు కుర్చీలో వేల వోల్టులు పెట్టి మనిషిని నల్లగా మాడ్చేస్తారు, అందులో మానవత్వం ఎక్కడుందని నిలదీస్తాడు. ప్రతి వాక్యం వినడానికి తర్కంగానే ఉంటుంది. అసలు చంపాలా వద్దా అన్న ప్రశ్న మాత్రం ఎక్కడా రాదు. చేసే పనికి అలవాటు పడినవాడు ‘ఎలా’ అన్నదే మాట్లాడతాడు. అమదేయో క్రూరుడు కాడు. కూతురంటే ప్రాణం, మనవడంటే ప్రాణం, చేయి తిరిగిన పనివాడినన్న గర్వం ఉంది. అతన్ని అసహ్యించుకోవడం చూసేవాళ్లకు సాధ్యం కాదు. అదే మనల్ని ఇబ్బంది పెట్టేది.

హోసే లూయిస్‌గా వేసిన నీనో మన్‌ఫ్రెది ఇటలీ నటుడు. ఇది స్పెయిన్, ఇటలీ కలిసి తీసిన సినిమా. స్క్రిప్టులో ఫెల్లీనీ సినిమాలకు రాసిన ఎన్నియో ఫ్లయానో చెయ్యి ఉంది, కెమెరా టోనీనో డెల్లి కొల్లిది. మన్‌ఫ్రెది ముఖంలో ఎప్పుడూ ఏదో చెప్పబోయి ఆగిపోయిన కదలిక ఉంటుంది. నోరు తెరుస్తాడు, ఎవరో అడ్డం మాట్లాడతారు, నీళ్లు నమిలి ఊరుకుంటాడు. కార్మెన్‌గా ఎమ్మా పెనేయా ఉట్టి అమాయకురాలిలా కాక, ఏం కావాలో తెలిసిన మనిషిలా నటించింది. ఆమెకు కావలసింది పగటి వెలుగు వచ్చే ఇల్లు, పారిపోని భర్త. అది అత్యాశ అని ఎవరనగలరు?

బెర్లాంగా షాట్లు పొడుగ్గా ఉంటాయి. కట్ చేయకుండా ఒకే షాట్‌లో అరడజను మందిని నింపుతాడు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకరి మాట ఒకరు వినరు, పిల్లాడు ఏడుస్తాడు, ఎవరో తలుపు తీసి వస్తారు. చూసేవాళ్లకు మొదట గోలగా అనిపిస్తుంది. ఇది దర్శకుడి సరదా అని వదిలేస్తే సగం సినిమా జారిపోతుంది. ఈ గోలే హోసే లూయిస్ తలరాత రాస్తుంది. అతనికి ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఏకాంతం ఎప్పుడూ దొరకదు. పెళ్లి, పిల్లాడు, ఫ్లాటు, ఉద్యోగం, ఈ నిర్ణయాలన్నీ నలుగురి మధ్య, ఇంకేదో పనిలో ఉండగా జరిగిపోతాయి. సంతకం కూడా అలాగే పెడతాడు. ‘ఎప్పుడో గానీ పిలుపు రాదు, వచ్చినా క్షమాభిక్ష వస్తుంది, అసలు అవసరమైతే అప్పుడు రాజీనామా ఇవ్వొచ్చు’ అని మామగారు నచ్చజెప్తాడు. ఇన్నాళ్లూ మనుషులతో కిక్కిరిసిన ఫ్రేములు చూసిన కళ్లకు చివర ఆ తెల్లటి ఖాళీ హాలు కనిపించడం వల్లే అంత దెబ్బ తగులుతుంది. చుట్టూ ఖాళీ స్థలం దొరికేసరికి అతని చేతుల్లో ఏమీ మిగల్లేదు.

ఉద్యోగంలో చేరాక హోసే లూయిస్‌కు నేర వార్తలంటే వణుకు. వీధిలో ఇద్దరు కొట్టుకుంటుంటే పరుగున వెళ్లి విడదీస్తాడు. అది హత్య దాకా పోతే శిక్ష పడుతుంది, శిక్ష పడితే తనకు పిలుపు వస్తుంది. దేశంలో ఎవరూ ఎవరినీ చంపకూడదని ఇంత నిజాయితీగా కోరుకునేవాడు అతనొక్కడే. ఇక్కడ నవ్వొస్తుంది, ఆ వెంటనే అతని టెన్షన్ మనకూ పాకుతుంది.

పిలుపు రానే వస్తుంది, అదీ మయోర్కా దీవిలోని పాల్మా నుంచి. ఈ ఊరి ఎంపికలో లోతు ఉంది. 1959లో స్పెయిన్ ఆర్థిక వ్యవస్థను విదేశీ డబ్బుకు తెరిచింది. 1962లో సమాచార, పర్యాటక శాఖలు మాన్వెల్ ఫ్రాగా చేతికి వచ్చాయి. ఎండ, సముద్రం చూపించి ఉత్తర యూరప్ జనాన్ని రప్పించడం ప్రభుత్వ విధానమైంది. మయోర్కా ఆ వ్యాపారానికి ముఖద్వారం. ఒకే మంత్రి కింద టూరిజమూ ఉంది, సినిమా సెన్సారూ ఉంది. అలాంటి దీవికి తలారి కుటుంబంతో సహా వస్తాడు. ప్రయాణం ఖర్చు ప్రభుత్వానిదే కాబట్టి దీన్ని విహారయాత్రగా చేసుకుందామని కార్మెన్, అమదేయోల ఆలోచన. పైగా ఖైదీకి ఒంట్లో బాగాలేదని శిక్ష వాయిదా పడుతుంది. చంపడానికి ముందు అతని ఆరోగ్యం బాగుపడాలి. ఆ రోజులు వీళ్లకు బీచి సెలవులు.

ద్రాక్ గుహల దృశ్యం ఈ భాగానికి గుండెకాయ. భూమి లోపల సరస్సు, చీకట్లో కూర్చున్న టూరిస్టులు, దీపాలు పెట్టుకున్న పడవల్లో వాద్యకారులు వాయించే ఆఫెన్‌బాఖ్ బార్కరోల్ (పడవ పాట). మయోర్కాలో ఈ కచేరీ నిజంగానే టూరిస్టుల కోసం జరుగుతుంది. హోసే లూయిస్, కార్మెన్ మైమరచి వింటుంటే ఇంకో పడవ వస్తుంది. అందులో సివిల్ గార్డులు, తలపై వాళ్ల మూడు కొసల టోపీలు. మెగాఫోనులో అతని పేరు పిలుస్తారు. అంత అందమైన చోట, అంతమంది విదేశీయుల ముందు, నీళ్ల మీద తేలుతూ వచ్చిన పోలీసులు మర్యాదగానే పిలుస్తారు. టూరిస్టు పోస్టర్ వెనక ఉన్న స్పెయిన్ ఆ పడవలో వచ్చి ముందు నిలబడింది. సినిమా మొత్తంలో ప్రభుత్వం మీద వేసిన అతి ఘాటైన దెబ్బ ఇదే, అందులో ప్రభుత్వాన్ని పల్లెత్తు మాట అనలేదు.

జైల్లో రాజీనామా ఇస్తానంటాడు. అధికారులు కోప్పడరు. ఓపిగ్గా నచ్చజెప్తారు. మెడకు టై లేకపోతే బాగుండదని ఒకరు టై తెచ్చి కడతారు. మెడ చుట్టూ బిగుసుకునే ఆ గుడ్డను చూస్తే గర్రోతె గుర్తురాక మానదు. కాసేపటికి ఎవరు ఖైదీ, ఎవరు తలారి అన్న తేడా చెరిగిపోతుంది. ఇద్దరినీ బుజ్జగించేవాళ్లున్నారు, ఇద్దరికీ తోడు నడిచేవాళ్లున్నారు. ఖైదీ చేసిన నేరం ఏమిటో సినిమా దాదాపు ఏమీ చెప్పదు. చెప్పి ఉంటే ఇతను చావాల్సినవాడా కాదా అని ప్రేక్షకులు లెక్కలు వేసేవారు. ఆ లెక్కకు తావివ్వకపోవడం బెర్లాంగా చేసిన గట్టి నిర్ణయం. శిక్షను కూడా చూపించడు. తలుపు మూసుకుంటుంది.

తర్వాత ఓడ మీద హోసే లూయిస్ ఇక జన్మలో ఈ పని చేయనంటాడు. మనవణ్ణి ఎత్తుకున్న అమదేయో మెల్లగా, మొదటిసారి నేనూ అదే మాటన్నానంటాడు. రేవులో పక్కన ఒక షోకు పడవలో డబ్బున్న కుర్రకారు ట్విస్ట్ డాన్స్ చేస్తుంటారు. ముసలాయన ఆ ఒక్క మాటతో తన గతమంతా చూపించేస్తాడు. ఇన్నాళ్లూ మనం నవ్వుకున్న తాత కూడా ఒకప్పుడు ఇలాగే వాంతి చేసుకుని, ఏడ్చి, ఇంకెప్పుడూ చేయనని ఒట్టు పెట్టుకున్నవాడేనని తెలుస్తుంది.

ఇలాంటి సినిమా ఫ్రాంకో ఏలుబడిలో ఎలా బయటికి వచ్చింది? 1962 తర్వాత ప్రభుత్వం యూరప్ ముందు కాస్త ఉదారంగా కనిపించాలనుకుంది. సినిమా విభాగానికి గార్సియా ఎస్కుదేరో అనే కొంత విశాల దృష్టి ఉన్న అధికారి వచ్చాడు, 1963లో సెన్సారుకు రాతపూర్వక నియమాలు పెట్టారు. ఆ సందులోంచి ఈ సినిమా దూరింది. కానీ విడుదల సమయం భయంకరంగా ఎదురు తిరిగింది. 1963 ఏప్రిల్ 20న కమ్యూనిస్టు నాయకుడు హూలియాన్ గ్రిమావును కాల్చి చంపారు, ప్రపంచమంతా నిరసనలు జరిగాయి. ఆగస్టు 17న ఫ్రాన్సిస్కో గ్రనాదో, హోఆకిన్ దెల్‌గాదో అనే ఇద్దరు అరాచకవాదులను (ఏ ప్రభుత్వమూ వద్దనే అనార్కిస్టులను) మాడ్రిడ్‌లో గర్రోతెతో చంపారు. కొద్ది రోజులకే వెనిస్ చిత్రోత్సవంలో ‘తలారి’ అనే స్పానిష్ సినిమా తెర మీదికి వచ్చింది. విదేశాల్లో ఫ్రాంకోకు పడిన బిరుదు కూడా అదే.

రోమ్‌లోని స్పెయిన్ రాయబారి అల్‌ఫ్రెదో సాంచెజ్ బెయా మండిపడుతూ విదేశాంగ మంత్రికి ఉత్తరం రాశాడు. స్పెయిన్ మీద ఇంత దారుణమైన నిందాచిత్రం ఇంకోటి లేదన్నది దాని సారాంశం. అటు ఇటలీలో అరాచకవాదులు దీన్ని ఫ్రాంకో ప్రభుత్వం పంపిన సినిమాగా అనుకుని వ్యతిరేకించారు. రెండు వైపులా తిట్లు తిన్న సినిమాకు అక్కడ విమర్శకుల అంతర్జాతీయ సమాఖ్య బహుమతి వచ్చింది. స్పెయిన్‌లో కొన్ని నిమిషాలు కత్తిరించి 1964 ఫిబ్రవరిలో విడుదల చేశారు. బెర్లాంగా కమ్యూనిస్టు కాదు, అంతకన్నా చెడ్డవాడు, చెడ్డ స్పానియార్డు అని ఫ్రాంకో మంత్రివర్గంలో అన్నాడని చెప్పుకుంటారు.

బెర్లాంగాకు మరణశిక్ష పుస్తకాల్లో చదివిన విషయం కాదు. 1921లో వాలెన్సియాలో పుట్టాడు. తండ్రి రిపబ్లిక్ పార్లమెంటు సభ్యుడు. అంతర్యుద్ధం తర్వాత ఆయనకు మరణశిక్ష పడింది. తండ్రి ప్రాణం దక్కుతుందేమోనన్న ఆశ కూడా తోడై కొడుకు 1941లో హిట్లర్‌కు సాయంగా రష్యా వెళ్లిన బ్లూ డివిజన్‌లో చేరాడు. తండ్రి శిక్షను తగ్గించారు. కుటుంబం కోసం తనది కాని యూనిఫాం వేసుకోవడమంటే ఏమిటో ఈ దర్శకుడికి ఇరవై ఏళ్లకే తెలుసు. హోసే లూయిస్‌ను అతను ఎక్కడా తప్పుపట్టకపోవడానికి, అలాగని వదిలేయకపోవడానికి కూడా ఇదొక కారణమై ఉండాలి.

సినిమాలో కల్పన ఎంత, నిజం ఎంత అన్నదానికి ఇంకో సినిమా సాక్ష్యం ఉంది. 1970ల మొదట్లో బసీలియో మార్తిన్ పతీనో ముగ్గురు నిజమైన తలారులతో రహస్యంగా ఒక డాక్యుమెంటరీ తీశాడు. ఫ్రాంకో చనిపోయాక 1977లో గానీ అది బయటికి రాలేదు. వాళ్లలో ఒకడు, వాలెన్సియాలో పిలార్ ప్రాదెస్ శిక్ష అమలు చేసిన అంతోనియో లోపెజ్ సియెర్రా. కడుపు మాడి ఈ ఉద్యోగంలో చేరినవాళ్లు. తింటూ, తాగుతూ, పనిముట్టు ఎలా వాడతారో చేతులతో చూపిస్తూ మాట్లాడతారు. అమదేయో వ్యాన్‌లో కూర్చుని చెప్పిన మాటలకూ వీళ్ల మాటలకూ పెద్ద తేడా కనపడదు. 1974 మార్చి 2న బార్సిలోనా జైల్లో సాల్వదోర్ పూచ్ అంతీక్ అనే యువకుణ్ణి గర్రోతెతో చంపినప్పుడు మర తిప్పింది కూడా లోపెజ్ సియెర్రానే. అప్పటికి బెర్లాంగా సినిమా విడుదలై పదేళ్లయింది. 1978 రాజ్యాంగం యుద్ధకాలపు సైనిక చట్టాలకు తప్ప మరణశిక్షను రద్దు చేసింది. ఆ మిగిలింది కూడా 1995లో పోయింది.